నాలుగో అతుకు

అతన్ని అందరూ రసమట్టం అంటారు. గచ్చు వాలుగా ఉందో లేదో తెలుసుకోవడానికి మిగతా వడ్రంగులు రసమట్టం కిందపెట్టి బుడగ ఎటు పోతుందో చూస్తారు. అతను గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి చెప్పేస్తాడు. అతను బిగించిన తలుపు ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. భార్య కూడా కోపం వస్తే అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది.

ఆ ఊళ్ళో సముద్రం ఒడ్డున ఏటా మూడు రోజులు ఉత్సవం చేస్తారు. పొద్దున్నే అలల మీద సర్ఫింగ్ పోటీలు, తర్వాత స్కేటింగ్, సాయంత్రం పాటలు. ఇసుక పొడుగునా బొమ్మలు వేసేవాళ్ళు ఉంటారు. స్కేటింగ్ ర్యాంపు మాత్రం ఆరేళ్ళుగా రసమట్టమే కడుతున్నాడు. ప్లైవుడ్ షీట్లను వంపు తిరిగిన దూలాల మీద పరిచి, స్క్రూల తలలు చేతికి తగలకుండా లోపలికి దించుతాడు. షీటుకీ షీటుకీ మధ్య రెండు పోస్టుకార్డులు దూరేంత సందు వదులుతాడు. సముద్రపు తేమకి చెక్క ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటుండాలి. మొదటి రోజు ర్యాంపు వెనక నిలబడి చక్రాల చప్పుడు వింటాడు. అతుకు దగ్గర చక్రం తడబడకుండా దాటిపోతే, ఇంటికెళ్ళి స్నానం చేస్తాడు. ఆ చప్పుడు గురించి ఆరేళ్ళలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడో ఏడాది కమిటీవాళ్ళు ర్యాంపు మీద బొమ్మ వేయించాలనుకున్నారు. ఆ పని రసమట్టం తోడల్లుడికి, అంటే అతని భార్య చెల్లెలి మొగుడికి వచ్చింది. ఆయన దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. మాట మంచిది, నవ్వు ఇంకా మంచిది. అత్తవారింట్లో ఎప్పుడు కలిసినా ఈ తోడల్లుడు వచ్చేదాకా ఎవరూ కబుర్లు మొదలుపెట్టేవారు కాదు. అది రసమట్టం పద్దెనిమిదేళ్ళుగా గమనిస్తున్నాడు.

మెడలో వేసుకునే కార్డులు ఇచ్చినప్పుడు అతని కార్డు మీద ‘వర్కర్’ అని ఉంది, పురికొసకి కట్టి. తోడల్లుడిది నీలం రిబ్బను, మీద ‘ఆర్టిస్ట్’ అని.

ఉత్సవానికి ముందురోజు పేపర్లో ఫోటో పడింది. ర్యాంపు మీద పెద్ద నీలం అల, దాని ముందు చేతిలో బ్రష్షుతో తోడల్లుడు. ‘ర్యాంపుకు ప్రాణం పోసిన కళాకారుడు’ అని కింద రాశారు.

“మా మరిది ఎంత బావున్నాడో,” అంది భార్య పేపరు మడవకుండా.

“చొక్కా నిండా రంగే.”

“అదే అందమట ఇప్పుడు. మీ చొక్కాకీ రంపంపొట్టు ఉందిగా. ఒక ఫోటో దిగకపోయారా?”

“నన్నెవరు దింపుతారు?”

“ఈ మొహం పెడితే ఎవరూ దింపరు.” ఆమె నవ్వింది. అతనికి కాఫీ చేదుగా అనిపించింది.

ఆ మధ్యాహ్నం ర్యాంపు చూడ్డానికి వెళ్ళాడు. అల ఏకంగా పైదాకా లేచి ఉంది, ఎక్కడా గీత లేదు. అతను దగ్గరికెళ్ళి అరచేత్తో తడిమాడు. సందులు లేవు. పెయింటర్లు గోడ బీటల్లో కూరే లప్పం తోడల్లుడు వాటిలో పెట్టి, గీకి నున్న చేసి, దానిమీద రంగు వేసేశాడు. చక్రాలు తిరిగే వంపు మీద మూడు అతుకులు, జనం కూర్చునే వైపు పక్కచెక్కకి ఒకటి. నాలుగూ పూడ్చేశాడు. పక్కచెక్క మీద, సరిగ్గా అతుకు ఉండాల్సిన చోట, తన పేరు రాసుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ రాసిన మనిషి తన పేరు రాసుకోవడం అదే మొదటిసారి.

“ఎలా ఉంది అన్నయ్యా?” తోడల్లుడు నిచ్చెన మీంచి అడిగాడు. “నిజం చెప్పండి. మీరు బావుందంటేనే నాకు లెక్క.”

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. రాత్రి తేమకి చెక్క ఉబ్బుతుంది. పోవడానికి చోటు లేక అంచులు పైకి లేస్తాయి. ఈ అల మూడు చోట్ల విరుగుతుంది. పేపరువాళ్ళు రేపు కూడా వస్తారు.

“బావుంది,” అన్నాడు.

“హమ్మయ్య.”

దారంతా అతను తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఎవరో ఒకరు ముందే చూస్తారు. ఆటకి ముందే ఆపేస్తారు. అప్పుడు తను లప్పం చూపిస్తాడు, ఎవరి తప్పో అందరికీ తెలుస్తుంది. రాత్రి భోజనం దగ్గర భార్య రెండుసార్లు వడ్డించబోయినా వద్దన్నాడు.

పొద్దున అతను వెళ్ళేసరికి సముద్రంలో సర్ఫింగ్ మొదలైపోయింది. జనమంతా నీళ్ళవైపు తిరిగి ఉన్నారు. వేదిక మీద ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. అతను ర్యాంపు మీద చెయ్యి వేశాడు. మొదటి అతుకు గోరుమందం లేచింది. రెండోది ఇంకాస్త ఎక్కువ. రంగు మాత్రం చెదరలేదు. చూస్తే ఎవరికీ తెలియదు, చెయ్యి పెడితేనే తెలుస్తుంది.

“పెదనాన్నా!”

తోడల్లుడి కూతురు. నెత్తిన హెల్మెట్, మోకాళ్ళకి తొడుగులు, చంకలో స్కేటుబోర్డు.

“మొదట దిగేది నేనే, తెలుసా? నువ్వు కట్టావు, నాన్న రంగు వేశాడు, నేను దిగుతాను. పైనుంచి కళ్ళు మూసుకుని దిగిపోతా.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. సర్ఫింగ్ అవగానే.”

అతను సంచీలోంచి సన్నపళ్ళ రంపం తీశాడు. ర్యాంపు ఎక్కి, అల నడుమ పెట్టి కోయడం మొదలుపెట్టాడు. తెల్లటి లప్పం పొడి నీలం మీద రాలింది.

“నాన్నా, పెదనాన్న బొమ్మ కోసేస్తున్నాడు!”

జనం ఇటు తిరిగారు. తోడల్లుడు ఇసుకలో పరుగెత్తుకొచ్చాడు. “అన్నయ్యా, ఏంటిది? ఏం చేశాను మిమ్మల్ని?”

“చెయ్యి పెట్టు ఇక్కడ.”

తోడల్లుడు చెయ్యి పెట్టాడు. అతని వేళ్ళు గట్టు దగ్గర ఆగిపోయాయి. కూతురి వైపు చూసి, ర్యాంపు మీదే చతికిలబడ్డాడు. “నిన్న అడిగాను కదా అన్నయ్యా,” అన్నాడు మెల్లగా.

రసమట్టం మళ్ళీ రంపం ఆడించాడు. ఒకటి కోశాడు. రెండోది కోశాడు. మూడోది కోసి, లేచిన అంచుల్ని చిత్రికపట్టాడు. అందరూ చూస్తున్నారు. చాలా ఏళ్ళ తర్వాత చేతులు అంత తేలిగ్గా ఆడాయి. కిందికి దిగి, పక్కచెక్క దగ్గరికి నడిచి, చదునుగానే ఉన్న నాలుగోది కూడా కోశాడు. రంపం తోడల్లుడి పేరు మధ్యలోంచి దిగింది.

అమ్మాయి దిగింది. చక్రాలు మూడు అతుకులూ తడబడకుండా దాటాయి. జనం చప్పట్లు కొట్టారు. తోడల్లుడు మైకు దగ్గరికెళ్ళి, తప్పు తనదేననీ, అన్నయ్యే లేకపోతే పిల్ల కాళ్ళు విరిగేవనీ చెప్పాడు. పేపరువాళ్ళు రసమట్టాన్ని ఫోటో తీశారు. అతను ఫోటోలో నవ్వలేదు.

జనం పాటల వైపు వెళ్ళాక తోడల్లుడు సన్న బ్రష్షు, నల్లరంగు డబ్బా తెచ్చి పక్కచెక్క ముందు కూర్చున్నాడు. కోతలోకి వేలు పెట్టి చూశాడు.

“అన్నయ్యా, ఇటువైపు చక్రాలు రావుగా. ఇదీ లేచేదా?”

రసమట్టం పనిముట్లు సంచీలో పెట్టుకుంటున్నాడు.

“లేచేది,” అన్నాడు.

“అంతే అయ్యుంటుంది. మీకు తెలీందేముంది.” తోడల్లుడు కోత అంచుల్లో బయటపడ్డ పచ్చి చెక్కకి రంగు పూయడం మొదలుపెట్టాడు. రెండు ముక్కలైన పేరు అలాగే ఉంచాడు. “కాస్త డబ్బా పట్టుకోండి. మీ కన్నుతో చూసి చెప్పండి, తిన్నగా వస్తోందా?”

అతను డబ్బా పట్టుకుని ఒక కన్ను మూశాడు. కోత పైనుంచి కిందిదాకా తిన్నగా ఉంది, ఎక్కడా చెయ్యి వణికిన జాడ లేదు.

“తిన్నగానే ఉంది,” అన్నాడు.