మధ్యాహ్నం పూట చూసిన రెండు ఊళ్ళు

నా చిన్నప్పుడు ఏ ఊరు గొప్పదో తేల్చడం నాకు చాలా తేలిక. కాలవ ఉంటే గొప్పది. డాబాలుంటే ఇంకా గొప్పది. బస్సు ఊళ్ళోకే వస్తే ఇక అడిగే పనే లేదు. పర్చూరుకు దగ్గర్లో పత్తీ మిరపా పండే మా నల్లరేగడి ఊళ్ళో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. అందుకే అవి ఉన్న ఊళ్ళంటే నాకు అంత మోజు.

ఆ ఏడు మా చిన్నత్తకు, అంటే మా నాన్న చెల్లెలికి, రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి తెనాలి వైపు వరి పండే మాగాణి ఊరు. రెండోది అద్దంకి దాటాక వానమీద ఆధారపడే మెట్ట ఊరు. అబ్బాయిలిద్దరూ బుద్ధిమంతులే, ఆస్తులూ ఇంచుమించు సమానమే అన్నారు. ఇక తేలాల్సింది ఊరే. మా వైపు ఆడపిల్ల తరఫువాళ్ళు ముందుగా వెళ్ళి అబ్బాయి ఇల్లు చూసి వస్తారు. అది మగవాళ్ళ పని. ఈసారి మా నాయనమ్మ తనే వెళతానంది.

"నువ్వెళ్ళి ఏం చూస్తావమ్మా, పొలం హద్దులు తెలుస్తాయా నీకు?" అన్నాడు నాన్న.

"హద్దులు తర్వాత నువ్వు చూసుకో. అది కాపురం చేసేది హద్దురాళ్ళతో కాదుగా," అంది నాయనమ్మ. తోడుకి నన్ను తీసుకుంది.

మాగాణి ఊళ్ళో బస్సు దిగేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది. నాయనమ్మ పెళ్ళివారింటికి వెళ్ళలేదు. మోకాళ్ళు లాగుతున్నాయంటూ ఎవరిదో అరుగు మీద చతికిలబడి మంచినీళ్ళు అడిగింది. పొద్దున పొలం గట్ల మీద నాతో సమానంగా నడిచిన మనిషికి ఇంతలో మోకాళ్ళు ఎలా లాగాయో నాకర్థం కాలేదు. ఆ ఇంటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగింది నాయనమ్మ. అందరూ అడిగేదే అది. అడిగి, జవాబు వినకుండా వేరే మాటలోకి వెళ్ళిపోతాం. నాయనమ్మ మాత్రం జవాబు కోసం ఆగింది.

"ఇంకా ఎక్కడండీ! ఆయన పేకాట నుంచి లేవాలి, వచ్చి తినాలి, ఆ తర్వాత కదా మేము," అని నవ్వింది ఆవిడ. పక్కింటి గోడ మీద నుంచి ఇంకో గొంతు, "మా ఆయన లేచేసరికి నా ఆకలి కూడా చచ్చిపోద్ది పిన్నిగారూ" అంది. ఇద్దరు ఆడవాళ్ళు చంకలో బిందెలతో కాలవ నుంచి వస్తున్నారు. నీళ్ళు దగ్గరేనా అని అడిగితే, పక్కనేగా, అందుకే పొద్దస్తమానం తెస్తూనే ఉంటాం అన్నారు.

తర్వాత పెళ్ళివారింట్లో నాకు తెల్లటి వరన్నం, గడ్డపెరుగు, సున్నుండలు పెట్టారు. పైన ఫ్యాను తిరుగుతోంది. నా తీర్పు అక్కడే అయిపోయింది.

తర్వాతి వారం మెట్ట ఊరికి రోడ్డు మీద దిగి, దుమ్ములో చాలాసేపు నడిచాం. ఊరి బయట మిరప కల్లాలు, నేలంతా ఎర్రగా ఆరబోసిన కాయలు. ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. నాయనమ్మ ఈసారీ మోకాళ్ళు పట్టుకుని ఒక కల్లం పక్కన కూర్చుంది. చొప్ప పందిరి కింద ఆడా మగా అందరూ గిన్నెలు విప్పుకుని ఉన్నారు. "తిన్నావా అమ్మా?" అని అడగబోతే, "తింటూనే ఉన్నాం, మీరూ రండి" అని చోటిచ్చారు. జొన్నన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి. నేను ముఖం చిట్లించాను. ఇంతలో ఎవరో మనిషి నీళ్ళ పీపాతో ఎడ్లబండి తోలుకొచ్చాడు. ఊరి బావి ఉప్పన, పప్పు కూడా ఉడకదట. మంచినీళ్ళు దూరం కాబట్టి మగవాళ్ళే బండి కడతారట.

"దగ్గరైతే?" అంది నాయనమ్మ.

"దగ్గరైతే మా చంకకే ఎక్కేది కదమ్మా!" అంది ఒకావిడ. పందిరంతా నవ్వింది.

ఇంటికొచ్చాక నాన్న ముందు నన్నే అడిగాడు. కాలవ, డాబాలు, ఫ్యాను, సున్నుండలు, అన్నీ ఏకరువు పెట్టాను. మెట్ట ఊళ్ళో ఏముంది, దుమ్ము తప్ప, అన్నాను. "చూశావా, పిల్లాడికే తెలుస్తోంది," అన్నాడు నాన్న. నాయనమ్మ తీర్పేమీ చెప్పలేదు. రెండు ఊళ్ళలో విన్నదంతా విన్నట్టు చెప్పి, "ఉండాల్సింది నువ్వు. నువ్వే చెప్పు," అంది మా అత్తతో.

అత్త నావైపు తిరిగింది. "ఏరా, ఆ సున్నుండలు పెట్టినావిడ ఎప్పుడు తిన్నదిరా?"

"చూళ్ళేదు," అన్నాను.

అత్త మెట్ట ఊరికే వెళ్ళింది. అక్కడ అంతా సుఖమేమీ కాదు. వానల్లేని ఏళ్ళున్నాయి. రెండో కాన్పుకి నొప్పులు పడుతూ అద్దంకి దాకా బండిలో వెళ్ళిన రోజు మాత్రం, కాలవ పక్కనుండే ఆ బస్సు ఊరు గుర్తొచ్చిందని తనే చెప్పింది. అయినా తప్పు ఎంచుకున్నానని ఏనాడూ అనలేదు.

ఉద్యోగంలో నేను చాలా జిల్లాలు తిరిగాను, రెండు మూడు రాష్ట్రాలు కూడా. వెళ్ళిన ప్రతిచోటా మధ్యాహ్నం పూట నాయనమ్మ ప్రశ్న అడిగేవాణ్ణి. అన్నీ ఉన్న పట్నాల్లో ఒక జవాబు, ఏమీ లేని పల్లెల్లో ఇంకో జవాబు, ఒక్కోసారి సరిగ్గా తలకిందులు. వినేకొద్దీ అడగాలనిపించేది. స్నేహితుల దగ్గర ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, చెప్పి ఎంత మెప్పు పొందానో!

రిటైరై తాడేపల్లిలో ఫ్లాటు కొన్నాక, మా అత్త చూడ్డానికి వచ్చింది. దేశంలో ఏ నగరం నివాసానికి మంచిదో టీవీలో చెబుతున్నారు. నేను భోంచేసి కుర్చీలో వాలి, మన ఊరికి ఇంకా మంచి స్థానం రావాల్సిందని వాదిస్తున్నాను. కృష్ణ కనిపించే బాల్కనీ, లిఫ్టు, తిప్పితే నీళ్ళు వచ్చే కుళాయి, అన్నీ అత్తకు చూపించాను. పొద్దు వాలుతోంది. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిణ్ణి అడిగింది.

"అన్నం తిన్నావా అమ్మాయ్?"

అడిగి, ఆగింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడు కూర్చుంటాను పిన్నిగారూ," అంది. అత్త నావైపు చూసింది. అన్ని ఊళ్ళలో అడిగిన నాకు నా ఇంటి జవాబు తెలియదు. ఇన్నేళ్ళూ నేను చూళ్ళేదు.

ఇప్పుడు నేనూ మా ఆవిడా ఒకే వేళకి కూర్చుంటున్నాం. వడ్డన మాత్రం ఇంకా తనదే. రోజూ ఆ గరిటె నేనందుకునేలోపే తను అందుకుంటుంది. ఆ ఒక్క విషయంలో నాకింకా చురుకు రావాలి.