రెండు చెంచాల తూర్పు

మంట కింద నుంచే రావాలి గానీ పైనుంచి కూడా రావచ్చని మా ఊరికి తెలియని రోజులవి. అన్నం ఎసట్లో, ఇడ్లీ ఆవిరి మీద, రొట్టె పెనం మీద, గారె నూనెలో. వంటకు దేవుడు ఏర్పరచిన దారులు ఇవేనని అనుకునేవాళ్ళం. కేకులు, బన్నులు కూడా మనుషులే చేస్తారని తెలుసు గానీ, ఆ మనుషులు అద్దంకి వైపెక్కడో ఉంటారని, వాళ్ళ చేతులు వేరే రకమని నా నమ్మకం. అలాంటి ఊళ్ళో, పదో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న నేను, ఈస్టరు పండుగకు సంఘమంతటికీ ఎనభై బన్నులు చేయడానికి పూనుకున్నాను. (పూనుకున్నాను అనడం గొప్పకే. నిజానికి నేను గొప్పలు చెప్పాను, మా అమ్మ నమ్మింది, నమ్మి నలుగురి ముందూ మాటిచ్చేసింది.)

మా సంఘంలో, ప్రభువు సమాధిలోంచి లేచిన ఈస్టరు నాడు, చీకటి ఉండగానే సమాధుల తోట దగ్గర ఆరాధన చేసుకుని, పాటలు పాడుకుంటూ ఊళ్ళోకి వచ్చి, మేం గుడి అనే చర్చి ముందు పందిట్లో అందరం కలిసి టిఫిను తినడం ఆనవాయితీ. ఒక్కో ఇంటి నుంచి ఒక్కోటి రావాలి. మా ఇంటి నుంచి ఏటా ఉప్మా. దానికి కారణం ఉంది. మిరప కోతల కాలంలో అమ్మ కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి పోయేది. రోజంతా ఎండు మిరపకాయల్లో మునిగిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మండుతూనే ఉండేవి. ఆ రెండు మూడు నెలలూ ఆమె మా కళ్ళు తుడిచేది కాదు, పిండిలో చెయ్యి పెట్టేది కాదు. గరిటెతో అయ్యే వంటలే మా ఇంటి వంటలు. ఉప్మా గరిటెతో అవుతుంది.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు, బేకరీ అత్తకు కూడా తెలుసు. ఆమె అల్లుడు అద్దంకిలో ఒక బేకరీలో పనిచేసేవాడు. (కొట్టు ఆయనది కాదు, అయినా అత్త ఎప్పుడూ "మన బేకరీ" అనే అనేది.) ఏటా పందిట్లోకి ఆమె అట్టపెట్టెల్లో బన్నులు తెప్పించేది. అంతకు ముందు ఏడు, అందరూ చూస్తుండగా మా గిన్నె మూత ఎత్తి, "పండగ పూట కూడా ఉప్మాయేనా వదినా? సమాధి దాకా పోయొచ్చింది దీనికేనా?" అంది. నలుగురూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక మాత్రం ఖాళీ అయిన ఆ గిన్నెను మూడుసార్లు తోమింది.

అదంతా చూసినదాన్ని కాబట్టి, ఆ సంవత్సరం పాస్టరు గారి భార్య, మేం అమ్మగారని పిలిచే ఆవిడ, గుంటూరు హాస్టల్లో చదువుకునేటప్పుడు బన్నులు చేయడం నేర్చుకున్నానని మాటవరసకు అనగానే వదలకుండా వెంటపడి, ఆదివారం బడి నోటుబుక్కు వెనక పేజీలో అంతా రాయించుకున్నాను. మైదా, పాలు, పంచదార, డాల్డా, చిటికెడు ఉప్పు, ఈస్టు రెండు చెంచాలు. ఓవెన్ లేకపోతే దేగిసాలో ఉప్పు పోసి వేడిచేసి, లోపల పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు వెయ్యొచ్చని కూడా ఆవిడే చెప్పారు. ఇంటికి వచ్చి అమ్మతో, ఇందులో ఏముంది, అంతా నాకొచ్చేసిందన్నాను. ఆ బుధవారం స్త్రీల ప్రార్థన కూటంలో, ఎప్పుడూ ఆఖరి చాప మీద గోడకు ఆనుకుని కూర్చునే మా అమ్మ, సాక్ష్యానికి కూడా ఏనాడూ లేవని మా అమ్మ, లేచి నిలబడింది.

"ఈసారి బన్నులు మా ఇంట్లోంచి వస్తయ్యి. బేకరీయి గాదు. మా అమ్మాయి చేసుద్ది."

బేకరీ అత్త, సంతోషం వదినా, అయితే మన బేకరీకి ఈ ఏడు సెలవే అంది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

తీరా సామాన్లు తేబోతే, అన్నీ దొరికాయి, ఈస్టు దొరకలేదు. అదేమిటో నాకూ తెలియదు. అమ్మగారు వాళ్ళ అక్క పురుడని పిడుగురాళ్ల వెళ్ళారు, మళ్ళీ ఈస్టరు తెల్లవారుజాముకే వస్తారు. పాస్టరు గారి దగ్గర ఫోను ఉంది, అడిగితే కలిపిచ్చేవారే. కానీ లేఖనాల పోటీలో మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి కొట్టిన పిల్ల, తనకు తెలియనిది ఒకటుందని పాస్టరు గారి ఎదుట ఎలా ఒప్పుకుంటుంది? కొట్టు బాబాయి నా చీటీ చదివి, "ఈస్టంటే తూర్పు గదమ్మా. వెస్టు కూడా కట్టమంటావా?" అన్నాడు. నాయనమ్మ మాత్రం, ఈస్టరుకు వేసేది గనక ఈస్టు అయ్యుంటుందని, పండగ దాటితే దొరకదేమోనని కంగారుపడింది. మా నాన్న పత్తి మిల్లులో హమాలీ, చర్చిలో సంఘపెద్ద. దేన్నీ తేలిగ్గా తీసుకోని మనిషి. అన్నం తింటూ చాలాసేపు ఆలోచించి, "రెండు చెంచాల తూర్పు ఏడ దొరుకుద్దే అమ్మాయ్?" అని అడిగాడు. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగాడు.

మా ఇంట్లో నిఘంటువు లేదు. కానీ తెలుగు వాక్యగ్రంథం, అంటే బైబిలు, ఒకటి ఉంది, పోటీలో బహుమతిగా వచ్చిన ఇంగ్లీషుది ఒకటి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ప్రపంచంలో ఏ మాటకైనా అర్థం దొరుకుతుందని నా గట్టి నమ్మకం. (ఇంగ్లీషు పరీక్షలో కొన్ని మార్కులు ఈ పద్ధతిలోనే వచ్చాయి, కొన్ని ఈ పద్ధతిలోనే పోయాయి.) రొట్టె అనే మాట ఉన్న చోటల్లా వెతుక్కుంటూ పోయాను. దొరికింది. ఒక స్త్రీ పిండిలో కలిపి దాచిపెట్టే ఉపమానం దగ్గర, ఇంగ్లీషులో ఈస్టు అని ఉంది, సరిగ్గా అదే వచనంలో తెలుగులో పులిసిన పిండి అని ఉంది. నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఇడ్లీకని నాయనమ్మ రుబ్బి ఉంచిన పిండి, గిన్నెడు, పుల్లటి వాసన వేస్తూ అక్కడే ఉంది. కొట్టుకొట్టుకూ తిరిగిన వస్తువు మా ఇంట్లోనే ఉందని స్తోత్రం చెప్పుకున్నాను.

అడ్డు చెప్పింది నాన్న. పస్కా పండుగ దినాల్లో పులిసిన పిండిని ఇంట్లోంచి తీసేయాలన్నది ఆయన వాదన, అది పాపానికి గుర్తు, సరిగ్గా శుభ శుక్రవారం మర్నాడు దాన్ని కలిపి గుడి పందిట్లోకి మోసుకుపోతే ఏం సాక్ష్యం అని. పరలోక రాజ్యాన్ని పోల్చింది కూడా దానితోనే కదా నాన్నా అన్నాను నేను. పాత నిబంధన ఆయన వైపు, ఉపమానం నా వైపు. అరగంట నడిచింది. చివరికి నాయనమ్మ చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే, "కలపబాకండంటే కలపం. పండగ నాడు అందరికీ వాక్యం పెడదాం తినటానికి" అంది. నాన్న తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. అది మా ఇంట్లో సరే అన్నదానికి గుర్తు.

శనివారం పొద్దున్నే మైదా అంతా పాలు, పంచదార పోసి కలిపాను. రాసుకున్న ప్రకారం పులిసిన పిండి సరిగ్గా రెండు చెంచాలు, తల కొట్టేసి మరీ కొలిచి వేశాను. కొంచెమే ముద్దంతటినీ పులియజేస్తుందని చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసినదాన్ని. పన్నెండు గంటలకు మూత తీస్తే ముద్ద పెట్టినచోట పెట్టినట్టే ఉంది. గోడకు కొడితే గోడ పగిలేలా ఉంది. కల్లం నుంచి అన్నానికి వచ్చిన అమ్మ గుమ్మంలోంచి ఒకసారి చూసి, తిని మళ్ళీ పనికి పోయింది. ఏమన్నా అడిగితే బాగుండుననిపించింది. నాయనమ్మే వచ్చి వేలితో నొక్కి చూసి, నా నోటుబుక్కు వైపు ఒక చూపు చూసి, ఇడ్లీ పిండి గిన్నె ఎత్తి మొత్తం అందులో కుమ్మరించింది. "పుస్తకం పుస్తకమే, పిండి పిండేనే పిల్లా" అంది. మళ్ళీ పిసికి, కాస్త పొడి మైదా చల్లి, పైన పళ్ళెం మూసి, ఏప్రిలు ఎండలో డాబా మీదికి ఎక్కించాం.

నాలుగింటికి నాన్న డాబా మీది నుంచి కేక వేశాడు. మేమంతా పరిగెత్తి చూస్తే, పళ్ళెం పక్కకు ఒరిగి ఉంది, పిండి గంగాళం అంచులు దాటి నలువైపులా కిందికి దిగుతోంది. నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి, లేచింది, లేచింది అంది. నాన్న గంభీరంగా, "లేచేది రేపు గదమ్మా" అన్నాడు. (ప్రభువు క్షమిస్తాడనే ఇది రాస్తున్నాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.)

కాల్చే పని అమ్మ తీసుకుంది. పిండి ముట్టుకోవడానికి లేని చేతులు మంట దగ్గర ఊరుకోలేదు. చర్చి దేగిసాలు రెండు తెచ్చి, పత్తికట్టె మంట ఎంత ఉండాలో, మూత మీద నిప్పులు ఎన్ని వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో, అంతా ముక్కుతో కనిపెట్టింది. మొదటి వాయి అడుగు మాడింది, పైన పాలిపోయింది. రెండో వాయికి అమ్మకు కిటుకు తెలిసిపోయింది. నాలుగో వాయి దిగేసరికి, దీపాలు పెట్టేవేళకు, చాప మీద ఎనభై బన్నులు ఎర్రగా, గుండ్రంగా, అట్టపెట్టెల్లో వచ్చేవాటికి ఏమాత్రం తీసిపోకుండా కూర్చున్నాయి. మధ్యలో ఒకటి విరిచి నోట్లో పెట్టుకున్నాను.

పుల్లగా ఉంది. కొంచెం కాదు. ముందు తీపి తగిలింది, వెనకే పులుపు వచ్చింది, ఆఖర్న మినప్పప్పు వాసన తేలింది. నాన్న ఒక ముక్క నమిలి, చాలాసేపు నమిలి, బన్ను అనడానికి లేదు, దిబ్బరొట్టె అనడానికీ లేదు, కానీ గట్టి పదార్థం అన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. పొద్దున్నే లేచి ఉప్మా చేసేద్దామమ్మా, ఇవి గేదెకు పెడదాం అన్నాను. అమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని బన్నులన్నీ ఒక్కొక్కటిగా గంపలో సర్దుకుంటూ, "నేను నిలబడి చెప్పాను" అంది. అంతే. నేను కళ్ళు తుడుచుకుని గంప మీద గుడ్డ కప్పాను.

ఆ ఉదయం ఆరాధనలో నేను ఏ పాట పాడానో, ప్రసంగం దేని మీదో, ఇప్పటికీ గుర్తులేదు. పునరుత్థాన దినాన సమాధుల మధ్య నిలబడి, ఎక్కడైనా ఒక ఖాళీ దొరికితే దూరిపోదామని చూసినదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో. పందిట్లో అమ్మ గంప దించి గుడ్డ తీసింది. బన్నుల అందం చూసి జనం చుట్టూ మూగారు. మొదటి బన్ను బేకరీ అత్తే తీసుకుంది. కొరికింది. నమలడం ఆపింది.

"ఏంది వదినా, పులిసిపోయినయ్యి?"

పందిరి మొత్తం అమ్మ వైపు చూసింది. అమ్మ ముఖంలో రంగు మారలేదు గానీ, చీర కొంగు అంచు వేళ్ళ మధ్య నలుగుతోంది. అప్పుడే పిడుగురాళ్ల నుంచి దిగిన అమ్మగారు కూడా ఒక ముక్క తుంచుకుని, రుచి చూసి, ఈస్టు ఎంత వేశావమ్మా అని నన్ను అడిగారు. గిన్నెడు అమ్మగారూ అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి, ఏదో అర్థమైనట్టు పెదవులు బిగించుకుని, అటు తిరిగి దగ్గారు.

సరిగ్గా అప్పుడు, పందిరి మూల బల్ల మీద కూర్చున్న పెద్ద తాత (మా సంఘంలో అందరికంటే ముసలివాడు, ముందు పళ్ళు మూడే ఉండేవి) ఎవరినీ పట్టించుకోకుండా, ఇడ్లీల కోసం ఎవరో తెచ్చిన పండుమిరపకాయ పచ్చడి మీద బన్ను ముక్క రాసి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి చాపాడు. "అమ్మాయ్, ఇంకోటి ఇయ్యి. పచ్చడి కూడా ఇటు జరుపు."

పక్కాయన చూశాడు, ఆయనా రాసుకున్నాడు. తీపి, పులుపు ముందే ఉన్నాయి, కారం ఒక్కటే తక్కువైంది, మా ప్రాంతంలో అది లేని చోటు లేదు. పది నిమిషాల్లో పచ్చడి గిన్నెలు అడుగంటాయి, ఎవరో పిల్లల్ని ఇంటికి పరిగెత్తించి గోంగూర తెప్పించారు. ఇడ్లీలు ఇడ్లీల్లాగే మిగిలాయి. పాస్టరు గారు మూడు తిన్నారు. (నేను లెక్కపెట్టాను.) బేకరీ అత్త నాలుగోది తినేటప్పుడు కూడా, పులిసినయ్యిగానీ, పులిసినయ్యిగానీ అంటూనే ఉంది. చివరికి గంప దగ్గరకు వచ్చి, చేతులు కడుక్కుంటున్న అమ్మతో గొంతు తగ్గించి, దీంట్లో ఏం కలిపారు వదినా, మా అల్లుడికి చెబుతాను అంది.

ఆదివారం బడికి తప్ప బడికి పోని, చదవడం రాని మా అమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుని, పందిరంతటికీ వినపడేలా చెప్పింది.

"అది వాక్యంలో ఉంది వదినా. మా అమ్మాయి చూసి చేసింది."

అసలు ఈస్టు ఎలా ఉంటుందో అమ్మగారు ఆ తరవాత వారం నన్ను ఒంటరిగా పిలిచి చూపించారు. గోధుమరంగులో, గసగసాల్లాంటి గింజలు, చిన్న పొట్లంలో. చూపించారే గానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ బతికున్నంత కాలం మా సంఘంలో ఈస్టరు బన్నులు పులిసిన పిండితోనే అయ్యాయి. ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను, ఇంట్లో ఓవెన్ ఉంది, ఫ్రిజ్జులో ఈస్టు ఉంది, ఆదివారాలు మా పిల్లలకు బన్నులు, బ్రెడ్డు, అప్పుడప్పుడు కేకు చేసి పెడతాను. అన్నీ మెత్తగా, దూదిలా వస్తాయి. పిల్లలు ఫోను చూసుకుంటూ తినేసి లేచిపోతారు. మంచిదే.

కానీ ఆ రోజు అమ్మ ఖాళీ గంపను నెత్తిన పెట్టుకుని, ఇంటికి దగ్గర దారి ఉండగా బజారు మీదుగా నడిచింది. ఇటెందుకమ్మా అంటే, ఇటైతే ఎండ తక్కువ అంది. అటూ ఇటూ ఒకటే ఎండ. ఆమె వెనకాల నేను, రొట్టె అనేదాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టినదానిలా తల ఎత్తుకుని, ఎదురైన ప్రతి గుమ్మం వైపూ చూసుకుంటూ నడిచాను. ఎంత మెత్తటి బన్ను దించినా మళ్ళీ ఆ నడక నాకు రాలేదు. తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే ఈస్టంటే ఏమిటో చెప్పను, ఆ రోజు పందిట్లో అమ్మగారు చెప్పనట్టే.