గోడకు అవతల కోళ్లవ్వ

వార్త ఫోన్లో వచ్చింది. రాష్ట్రం వచ్చి ఇంకా నెల తిరగలేదు. పెద్దపల్లిలో ఒక సభ గురించి మా పేపరుకు రాసుకుంటూ కూర్చున్నాను. ఫోన్ చేసింది పక్క క్వార్టర్ కోడలు. "అక్కా, మీ దుష్మన్ పోయింది" అంది. ఆ తర్వాతే ఏడ్చింది. పొద్దున కోళ్లను వదిలి, నూకలు చల్లి, వెనక గడప మీద కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయిందట. దవాఖానకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు.

మా లైన్లో ఆమెను అందరూ కోళ్లవ్వ అనేవారు. చదివేవాళ్లకు ఒక విషయం ముందే చెప్పాలి. మా ఇద్దరికీ పడేది కాదు. ఆమె పోయింది కదా అని ఇప్పుడు పడేదని రాయలేను. రాస్తే మొదట నవ్వేది ఆమె.

గోదావరిఖనిలో మా రెండు క్వార్టర్లకు వెనక పెరళ్ల మధ్య ఛాతీ ఎత్తు గోడ ఉంది. మా ఆయన బొగ్గు బాయిలో ఫిట్టర్. ఆమె భర్త కూడా బాయిలోనే పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కు వచ్చింది. దాంతో క్వార్టర్ కొడుకుది అయింది, వంటిల్లు కోడలిది అయింది. వెనక పెరడు, అందులో తిరిగే నాటుకోళ్లు మాత్రం ఆమెవి. ఆకు, వక్క, మోకాళ్ల నొప్పులకు బిళ్లలు, ఏడాదికో చీర, అన్నీ ఆ కోళ్ల మీదే. "గీ కోళ్లున్నన్ని రోజులు నేను ఎవ్వల దిక్కు చెయ్యి జాప" అనేది. అందుకే ఒక్క పిల్ల తగ్గినా ఊరుకునేది కాదు.

మా ఇంట్లో పాత పేపర్ల కట్టలను ఎలుకలు కొరికేస్తున్నాయని నేను నస్పూర్ నుంచి రెండు పిల్లికూనలను తెచ్చాను. ఒకటి మగది, ఒకటి ఆడది. కడుపునిండా పెడితే కోళ్ల జోలికి పోవని అనుకున్నాను. అవి ఆకలికి దూకే రకం కాదు. కదిలేది ఏదైనా వాటికి ఆటే. ఆరేసిన చీర అంచు, రేకుల మీద దొర్లే ఎండుటాకు, కోడి తోక. రోజంతా గోడ మీద పరుగు, రేకుల మీద దబదబ. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నవాళ్లు కూడా తిట్టుకునేవారు.

మొదటి కోడిపిల్ల మాయమైన రోజు నుంచి మా యుద్ధం మొదలైంది. ఆమె నాతో నేరుగా కొట్లాడేది కాదు. కోళ్లతో మాట్లాడేది, నాకు వినబడేంత గట్టిగా.

"తిను బిడ్డా, జల్ది తిను. గోడ అవతలోళ్లు నిన్ను తినకముందే నువ్వు తిను."

ఇంకో రోజు పుంజుతో అంది: "గా పేపర్ పిల్లకు లోకంల దొంగలందరు కనవడ్తరు. ఇంట్ల దొంగ కనవడదు."

నేను గోడ దగ్గరికి వెళ్లి అడిగాను. "నా పిల్లి ఎత్తుకపోంగ చూసినవా అవ్వా? గద్ద కావచ్చు గద."

"గద్ద గోడ మీద కూసోని మూతి నాకదు."

"చూసినోళ్లుంటే చెప్పు, ఒప్పుకుంట."

"నువ్వే సూస్తే చెప్తవా?"

"చెప్త."

"సూద్దాం తియ్యి" అని ముఖం తిప్పుకుంది.

కొన్నాళ్లకు నేను బాయి గేటు దగ్గర ఒక మీటింగుకు పోయి వచ్చేసరికి ఆమె పెరట్లో కోళ్ల గంప బోర్లించి ఉంది. పైన రాయి. లోపల పిల్లల కోడి కొక్కరింత, మా మగపిల్లి అరుపు. ఆమె పక్కనే పీట మీద కూర్చుని ఆకుకు సున్నం రాసుకుంటోంది. నేను చుట్టూ తిరిగి వచ్చేదాకా ఆగి, అప్పుడు గంప ఎత్తింది. పిల్లి ముక్కు చీరుకుపోయింది, చెవి చిరిగింది. ఆ రోజు నేనన్న మాటలు అచ్చులో వేసేవి కావు. ఆమె అన్నవి అసలే కావు. లైనంతా బయటికి వచ్చింది.

"నేను కొట్టలే. సెయ్యి గూడ ఎయ్యలే. కోడి చెప్పింది, గది ఇన్నది. గంతే" అంది ఆమె, వచ్చినవాళ్లందరితో.

ఆ తర్వాత చాలా రోజులు మాటల్లేవు. మగపిల్లి మాత్రం కోడి గొంతు వినబడితే చాలు, గోడ దిగి ఇంట్లోకి వచ్చేసేది. అది చూసినప్పుడల్లా ఆమె పిల్లల కోడిని పిలిచి చెప్పేది: "నీ శిష్యుడు పోతుండు, సూడే."

ఆడపిల్లికి ఆ పాఠం కాలేదు. ఒక మధ్యాహ్నం కోళ్లవ్వ అంగడికి పోయింది, కోడలు లోపల నిద్రపోతోంది. గుడ్డుకు వచ్చిన పెట్ట ఒకటి గోడ నీడలో మట్టి స్నానం చేస్తోంది. మా ఆడపిల్లి పైనుంచి దూకి మెడ పట్టింది. నేను బట్టలు ఆరేస్తూ మొదటి నుంచి చివరిదాకా చూశాను. గోడ ఎక్కేలోపే అయిపోయింది. పిల్లి దాన్ని తినను కూడా లేదు. కాలితో రెండుసార్లు కదిపి, కదలకపోయేసరికి వదిలేసి వచ్చింది.

సాయంత్రం ఆమె సంచి దించేలోపే గోడ దగ్గరికి వెళ్లాను. "అవ్వా, నీ పెట్టను నా ఆడపిల్లి చంపింది. నేను చూసిన."

తిడుతుందనుకున్నాను. సంచి కింద పెట్టింది. పెట్టను ఎత్తి ఒళ్లో పెట్టుకుని ఈకలకు అంటిన మట్టి దులిపింది.

"ఇంకోటి పోతే నీ పిల్లులను బస్తాల కట్టి గోదారి అవతల ఇడుద్దామనుకున్న" అంది. "ఇడువ. రేపు నువ్వే తీస్కరా. నీ సేతులతోనే గంప కింద పెట్టు."

తీసుకెళ్లాను. నా చేతులతోనే పెట్టాను. గంపకు అటు ఆమె, ఇటు నేను కూర్చున్నాం. లోపల పిల్లి అరుపుకు నా చేయి గంప మీదికి పోయింది. ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు. గిప్పుడు తీస్తే మల్ల చేస్తది. దాని పానం పోదు. నా పెట్ట పానం పోయింది."

అంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కింద నేల అదిరింది. గంప లోపల చప్పుడు ఆగిపోయింది. "ఇగ తియ్యి" అంది. తీసి చూస్తే కోడి ఒక అంచుకు, పిల్లి ఇంకో అంచుకు అతుక్కుని ఉన్నాయి.

దాంతో మేం కలిసిపోయామని ఎవరూ అనుకోవద్దు. ఆడపిల్లి సగమే నేర్చుకుంది. పిల్లల కోడికి దూరంగా ఉండేది, ఒంటరి కోడి కనబడితే ఇప్పటికీ పొంచి చూస్తుంది. కోళ్లవ్వ ఎత్తిపొడుపులు చివరిదాకా ఆగలేదు. మారింది ఒక్కటే. కోడిపిల్ల పోయినప్పుడల్లా గోడ దగ్గరికి వచ్చి, "నువ్వు సూసినవా?" అని అడిగేది. చూడలేదని నేనంటే, మళ్లీ ఆ మాట ఎత్తేది కాదు. ఇన్నేళ్ల విలేకరి పనిలో నా మాటను అలా తీసుకున్న మనుషులు ఎక్కువమంది లేరు. ఈ నాలుగు ముక్కలు రాయడం అందుకే.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి ఆకులో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా చూడాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. పెరట్లో ఆకు వేశారు. అన్నం, కూర, కల్లు, ఆకు వక్క. ఎండ ముదిరింది. కాకి రాలేదు. కొడుకు చేతులు జోడించి, కోళ్లను అమ్మనని మొక్కాడు. రాలేదు.

కోడలు నా వైపు తిరిగింది. "అక్కా, మీరొక మాట అనుండ్రి. పిల్లుల ముచ్చటే మనసుల ఉన్నట్టుంది."

పిల్లుల తరఫున పూచీ ఇవ్వడం నాకు ఇబ్బందే. "నా శాతనైనంత సూసుకుంట అవ్వా" అన్నాను. అయినా రాలేదు.

వెనక నుంచి ఎదురు క్వార్టర్ పెద్దమనిషి మెల్లగా అన్నాడు. "కాకెట్లొస్తదిరా? కాకి నీడ పడితే అవ్వ గులేరు అందుకోని రాయి కొట్టేది. ఒక్క కాకన్న వాలిందా ఇక్కడ ఎన్నడన్న?"

ఏడుస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అప్పుడే మూలన గంప కింద గోల వినబడింది. పొద్దున్నుంచి హడావుడిలో కోళ్లకు ఎవరూ గింజ వేయలేదు. కోడలు పోయి గంప ఎత్తింది. కోళ్లు నేరుగా ఆకు మీదికి ఉరికాయి. కొడుకు కర్ర అందుకున్నాడు.

"తిననియ్యి" అన్నాడు పెద్దమనిషి. "ఆమె పెట్టి సాదినోళ్లే తింటుండ్రు. ఇంకెవలు ముట్టాలె?"

కొడుకు కర్ర కింద పడేశాడు. ఒక్కొక్కరే లేచి కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లారు. మా ఆడపిల్లి గోడ మీదికి వచ్చి కూర్చుంది. తోక కొస మాత్రమే కదులుతోంది. చూపు ఆకు చివర గింజలేరుకుంటున్న చిన్న పెట్ట మీద ఉంది. కొడుకు పడేసి పోయిన కర్ర తీసుకుని, ఆకు ఖాళీ అయ్యేదాకా నేను గోడకూ కోళ్లకూ మధ్య నిలబడ్డాను.