నలభై కిలోమీటర్ల నిద్ర

మా ఆపరేషన్ థియేటర్ మత్తు డాక్టరంతటి పిసినారి భూమ్మీద ఇంకొకరు లేరు. అయితే ఆ పిసినారితనమంతా మత్తు గ్యాసు మీదే. నర్సులం అడక్కుండానే జేబులోంచి చాక్లెట్లు తీసి పంచుతారు. గ్యాసు మాత్రం ప్రాణం పోయినా వదలరు. పోయేది పేషెంటు ప్రాణం కాదు లెండి, ఆయనదే.

పేషెంటు నిద్రపోగానే మీట తిప్పి గ్యాసు తగ్గించేస్తారు. సర్జన్‌గారు కత్తి పట్టుకుని గుడ్లురుముతారు.

"ఏమయ్యా, మనిషి మధ్యలో లేచి కూర్చుంటే?"

"ఎసరు మరిగాక సిమ్‌లో పెడితే ఉడకడం మానేస్తుందా? ఆయన పీల్చేది పిసరంత. మిగిలిందంతా గొట్టంలోంచి ఆకాశంలోకి పోయి భూమిని వేడెక్కిస్తుంది."

ఇంతవరకూ ఎవరూ లేచి కూర్చోలేదు. కేసు అవగానే, వాడిన గ్యాసు చేసే చెరుపు కారు ఎన్ని కిలోమీటర్లు నడిపినంతో లెక్కగట్టి ప్రకటిస్తారు: "ఇవాళ్టి అపెండిక్స్ పన్నెండు కిలోమీటర్లు!" అందుకే వెనకాల ఆయన్ని డ్రైవరుగారనే పిలుచుకుంటాం.

నడుము కింది ఆపరేషనైతే అసలు గ్యాసే ఉండదు. వెన్నులో ఒక్క సూది. కాళ్లు మొద్దుబారతాయి, మనిషి మేలుకునే ఉంటాడు, ఈయన పక్కన కూర్చుని కబుర్లు చెబుతారు.

అలాంటి రోజుల్లో మా అత్తగారు కాలు విరగ్గొట్టుకున్నారు.

"నేను మేలుకుని ఉండగా నా ఎముకలో మేకులు కొడతారా? నిద్రపుచ్చితే సరే. లేదంటే కుంటుతూనే బతుకుతా!" అని భీష్మించుకున్నారు.

ఆవిడకి నచ్చజెప్పలేక, డాక్టరుగారిని అడగలేక రెండు రోజులు నలిగిపోయాను. చివరికి నీళ్లు నములుతూ చెప్పాను.

"భయపడేవాళ్లని నిద్రపుచ్చాల్సిందే కదమ్మా. దానికింత నసుగుడెందుకు?" అన్నారు.

అత్తగారి కళ్లు మూతపడేదాకా చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆ తర్వాత మీట తగ్గించారనుకోండి, అది వేరే సంగతి.

మర్నాడు ఆయన చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చారు. ఆ మర్నాడూ అంతే.

"కారేమైంది సార్?"

"బాగానే ఉంది. డాక్టరు నడవమన్నాడు."

"ఏ డాక్టరు?"

"నేనే. మీ అత్తగారి నిద్ర నలభై కిలోమీటర్లు. రోజుకి రానూ పోనూ ఎనిమిది. ఐదు రోజుల్లో సరి."

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ నవ్వుకున్న ఆ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఇప్పుడే వార్డుకెళ్లి అత్తయ్యతో చెబుతాను సార్."

"వద్దు తల్లీ!" ఆయన కంగారుగా అడ్డొచ్చారు. "ఆవిడ పట్టుదల నీకు తెలీనిదా? సగం దూరం నేను నడుస్తానంటుంది. కుట్లయినా విప్పలేదు!"