మా అత్తమ్మ తలనొప్పికి నేను చేయించిన వైద్యం

నేను సిరిసిల్లలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో మరమగ్గాల చప్పుడు ఆగిందంటే అందరం ఉలిక్కిపడేవాళ్లం. ఆగడం అంటే ఏదో చెడిపోయిందని అర్థం. ఆ బుద్ధి నాతో పాటే కోరుట్లకు కాపురానికి వచ్చింది. పిల్లల గైడ్లకు ప్రశ్నలు తయారుచేసే పని ఇంట్లో కూర్చునే చేస్తాను. పక్కనే బీరువా తలుపుకు ఒక చార్టు అంటించాను. నాలుగున్నరకు లేవడం, నడక, గోరువెచ్చని నీళ్లు, ఇన్ని ప్రశ్నలు, ఏడు గంటల నిద్ర. అయిన పనికి పచ్చ గీత, కాని పనికి ఎర్ర గీత. నిద్ర గడి మాత్రం నెలంతా ఎర్రగానే ఉండేది. ఏడు గంటలు ఎలా పూర్తి చేయాలా అని ఆలోచిస్తూ మేలుకొని ఉండేదాన్ని మరి.

మా అత్తమ్మకు చార్టూ లేదు, గీతలూ లేవు. వాకిట్లో గోడకు ఆనుకొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. టీవీ చూస్తున్నా, నన్ను దెప్పుతున్నా చేతులు ఆగవు. కానీ అన్నం తిన్నాక రోజూ అదే వేళకు ఆమెకు తలనొప్పి వస్తుంది. "తల పల్గుతాంది బిడ్డా" అని నుదుటికి బామ్ రాసుకొని అరగంట పడుకుంటుంది. లేచేసరికి నొప్పి ఉండదు. నా పెళ్లయి పదకొండేళ్లు. ఆ నొప్పి ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

కనబడినదాన్నల్లా సరిచేయకుండా ఊరుకోలేకపోవడం నాకున్న రోగం. చార్టులో కొత్త గడి గీసి "అత్తమ్మ తలనొప్పి" అని రాశాను. ముందు టీ తగ్గించాను. ఆమెకు కోపం వచ్చింది గానీ నొప్పి పోలేదు. తర్వాత కళ్లద్దాలు చేయించాను. బీడీలు ఇంకా చక్కగా వచ్చాయి, అన్నం తిన్నాక మళ్లీ తల పట్టుకుంది. అప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. ఫోనులో ఏవేవో చదివి, మరునాడే జగిత్యాల ఆసుపత్రికి బయలుదేరదీశాను.

"నాకేం గాలే, వద్దు బిడ్డా" అని ఆమె ఒకటే పోరు. నేను వింటేనా!

డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ఏ రోగమూ లేదన్నాడు. ఒక మాత్ర రాసి, "తిన్నంక ఏస్కో అవ్వా. ఇగ నొప్పి రమ్మన్నా రాదు" అన్నాడు. నేను పొంగిపోయాను. అత్తమ్మ మొహం మాత్రం వాడిపోయింది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"గా గోలి ఏస్కోకుంటే ఏమైతది?"

"నొప్పి పోవద్దా అత్తమ్మా?"

"పోతే నేనెట్ల పండుకోవాలె?"

అప్పుడు చెప్పింది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం చాట ముందే కునుకు తీసిందట. వాళ్ల అత్త చూసి, "పట్టపగలు పండుకునే కోడలు దొరికింది మాకు" అని వాడంతా వినేలా అరిచిందట. తర్వాత ఒకరోజు నిజంగానే తలనొప్పి వచ్చి పడుకుంటే, ఎవరూ ఏమీ అనలేదట. పైగా ఆ అత్తే బామ్ తెచ్చి ఇచ్చిందట.

"ఇగ గప్పటిసంది రోజు నొస్తాంది" అంది అత్తమ్మ. "నిద్రత్తాందంటే ఎవలూకుంటరు బిడ్డా? నొప్పంటే ఊకుంటరు."

నేను పగలబడి నవ్వాను. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నలభై ఏళ్లు ఇంటిల్లిపాదినీ నమ్మించిన మనిషి!

"ఇప్పుడు మీ అత్త లేదు గదా, నాకెందుకు చెప్పలే?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు నాలుగున్నరకే లేసి ఉరుకుతవు. నీ ముంగట నిద్రత్తాందని ఎట్లంటరు?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమెకు భయపడాల్సిన అత్త పోయాక, ఆ చోటు నేను పట్టుకున్నానని నాకు తెలియనే లేదు. చాలా సిగ్గేసింది.

మర్నాడు అన్నం తిన్నాక అత్తమ్మ అలవాటుగా తల మీదికి చెయ్యి తీసుకెళ్లి, నన్ను చూసి ఆపేసింది. ఇక నా దగ్గర ఆ నొప్పి చెల్లదు కదా. వెళ్లి మళ్లీ చాట ముందు కూర్చుంది. కళ్లు మూతలు పడుతున్నాయి, చేతులు మాత్రం చుడుతూనే ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. నా వైద్యం ఫలించి, ఆమె అరగంట పోయింది.

రాస్తున్న ప్రశ్నను సగంలోనే వదిలేసి చాప పరిచాను. "నాకు నిద్రత్తాంది అత్తమ్మా, నేను పండుకుంటున్న" అన్నాను, వాకిట్లోకి వినబడేలా. ఆమె వాడవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది. కాసేపటికి వచ్చి నా పక్కన నడుం వాల్చింది.

దుకాణం నుంచి అన్నానికి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏమైంది? ఇద్దరికీ తల నొస్తాందా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ కళ్లు మూసుకొనే జవాబిచ్చింది.

"నిద్రత్తాంది కొడుకా. అన్నం పెట్టుకొని తిను."