శాంతమ్మక్క చెప్పింది, నేను రాసింది

పాతికేండ్ల నుంచి ఒక్క వాక్యాన్ని మోస్తున్న. అందులో ఉన్నవి ఐదే మాటలు. ఎర్ర రాతి పనిలో ఎన్ని బండలెత్తిన్నో, వాటి బరువు ఈ భుజం ఎప్పుడో మరిచింది. దీని బరువు మరవలే. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకూ చెప్పను. అందుకే మీకు చెప్తున్న.

మాది బీదర్ పక్కన చిద్రి. నేను బడి మొహం చూడలే. ఇరవై రెండేండ్లప్పుడు మా ఏసు గుడిలో పాటల పుస్తకం ముందు పెట్టుకొని, పాడే పాటకు ఏ అక్షరమో వెతుక్కుంటూ తెలుగు నేర్చుకున్న. మా పిల్లలంతా కన్నడ బడి. తెలుగు వాళ్ల నోట్లోనే ఉంటది. తెలుగు పాటలు గూడ కన్నడ అక్షరాల్లో రాసుకొని పాడుతరు. అందుకని మా సంఘంలో ఎవరికి తెలుగు ఖత్ వచ్చినా, ఎవరు ఉత్తరం రాయించాలన్నా నా గడపకే రావాలె. ఆ గొప్ప నాకు తలకెక్కింది. ఎక్కలేదంటే అదొక అబద్ధం అయితది.

శాంతమ్మక్క మా వెనక గల్లీ. భర్త లేడు. ఒక్కడే కొడుకు, సామేలు, మిలిటరీలో ఉండె. వాడికి తెలుగు అక్షరాలు దిద్దించింది నేనే. కొండల మీద యుద్ధం నడుస్తున్న ఏడు వాడి ఉత్తరమొకటి వచ్చింది. అక్కకు చదివి వినిపించిన. దెబ్బ తిన్న శత్రువు సిపాయి ఒకడు బండ చాటున పడి నీళ్లడిగిండట. సామేలు సీసాలో నీళ్లున్నయి. ఇయ్యలేదట. ముందు రోజే తన జతగాణ్ణి చంపినరన్న కసి. వాడు అడుగుతా అడుగుతా ప్రాణం విడిచిండట. 'అమ్మా, నిద్ర వస్తలేదు. దేవుడు మాఫ్ చేస్తడా? నువ్వు చేస్తవా?' అని రాసిండు.

అక్క చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాయి తమ్మీ. బిడ్డా, నేను మాఫ్ చేసిన. దేవుని మనసు నాకంటె పెద్దది, ఆయన చెయ్యకుండ ఎట్లుంటడు? పాణం జాగ్రత్త, ఇంటికి రా అని రాయి."

"అంత సులువుగనా అక్కా?"

"వాణ్ణి నువ్వు కన్నవా, నేను కన్ననా? రాయి పంతులూ. నీ బోధ ఆదివారానికి దాచుకో."

తల వంచుకొని రాసిన. క్షేమ సమాచారం రాసిన. ఆమె చెప్పిన మాట రాయాల్సిన చోట ఇట్ల రాసిన: 'దాహమన్నోనికి నీళ్లియ్యనోడు నా కొడుకు కాదు.' ఆమె కలం తీసుకొని, ప్రతి ఉత్తరానికీ పెట్టే తీరుగనే, కింద చిన్న సిలువ గుర్తు పెట్టింది. నా మాట కింద, ఆమె చేత్తో.

ఎందుకు రాసిన? దేవుని వాక్యం కోసం రోషం అనుకున్న. కాదు. పద్దెనిమిదేండ్లప్పుడు నిర్ణా ఊరి దిక్కు గోడ పనికి పోయి, మిట్టమధ్యాహ్నం ఒక బావి కాడ నీళ్లడిగిన. నిండు బిందె పక్కన పెట్టుకున్న పెద్దమనిషి నా కులం అడిగిండు. చెప్పిన. "అవతలికి పో" అన్నడు. ఆయన్ని ఒక్క మాట అనలేకపోయిన. ఆ గుస్సా ఎన్నో ఏండ్లు కడుపులో పెట్టుకొని, ఆ పెద్దమనిషికి ఇయ్యాల్సిన జవాబు ఒక తల్లి పేరు మీద ఆమె కొడుక్కిచ్చిన్నా? నేను నేర్పిన అక్షరాలతోనే వాడు దాన్ని కూడబలుక్కొని చదివిండా?

దానికి జవాబు రాలే. నెల తిరగకముందే సామేలు ఇక లేడని మిలిటరీ నుంచి తార్ వచ్చింది.

తర్వాత వాడి పెట్టె పట్టుకొని ఒక జతగాడు వచ్చిండు. తూటాలు పడుతుంటే ముందు దిక్కున ఎవరో నీళ్ల కోసం అరుస్తుండెనట. మనవాడో, అవతలివాడో ఎవరికీ తెలియదు. సామేలు సీసా పట్టుకొని పోయిండు. తిరిగి రాలే. వాడి జేబులో నా ఉత్తరం దొరికింది. మడతల కాడ అరిగి చిరిగింది.

"చదువు తమ్మీ," అన్నది అక్క. "నేను చెప్పింది వాడికి ముట్టింది గద."

ఆ కాగితం పట్టుకొని, ఆమె చెప్పిన మాటలే ఒప్పజెప్పిన. అప్పటి నుంచి ఏడాదికోసారి వాడి జ్ఞాపకార్థ కూడికలో అదే పని. నేను చదివినంక ఆమె లేచి సాక్ష్యం చెప్తది: "మాఫీ అందినోడు గనుకనే నా కొడుకు నీళ్లు తీసుకపోయిండు. వాణ్ణి కాల్చినోన్ని నేను గూడ మాఫ్ చేసిన." అందరూ ఆమేన్ అంటరు. నేను గూడ అన్న. ఏ నోటితో అన్న?

వాడు ఎందుకు పోయిండో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. కొడుకు అనిపించుకోవడానికి పోయిండు. ఉత్తరం లేకున్నా పోయేటోడేమో అని అప్పుడప్పుడు అనుకుంట. అది నేను నిలబడటానికి పెట్టుకున్న కట్టె. గట్టిగ ఆనుకుంటే విరుగుతది.

ఇన్నేండ్లు మాకు కన్నడ పాస్టర్లే. ఈ ఏడు జహీరాబాద్ దిక్కు నుంచి తెలుగాయన వచ్చిండు. మంగళవారం అక్క ఆ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. అయ్యగారికి తెలుగు చదవొస్తది గద, ఈ ఆదివారం కూడికలో అయ్యగారే చదువుతడు, అక్షరాలు మాసినయేమో ఒకసారి చూసి పెట్టు అన్నది.

నాలుగు రోజులు అది నా ఇంట్లో ఉన్నది. పొయ్యి గూడ ఇంట్లోనే ఉన్నది. అంతకంటె నీచమైంది చేసిన, వినండి. పాత పెట్టె వెతికి, అట్లాంటిదే రాయని నీలం ఇన్‌లాండ్ లెటర్ ఒకటి తీసిన. ఆమె చెప్పిన మాటలు దాని మీద రాసి, చివరికొచ్చి ఆగిన. సిలువ గుర్తు పెట్టాలె. కలం దించలేకపోయిన. మాటలు దొంగిలించిన చేతికి ఆ రెండు గీతలు రాలే.

ఈ పొద్దున అక్క ఇంటికి పోయి, ఉన్నది ఉన్నట్టు చదివిన. పాతికేండ్లలో మొదటిసారి.

"మళ్ల చదువు," అన్నది. చదివిన.

"వాడు ఇది చదివిండా?"

"మడతలు చూడక్కా."

కాగితం తీసుకున్నది. వేలితో తడిమి సిలువ గుర్తు మీద వేలు ఆపింది. నన్ను తిట్టలే. నా దిక్కు చూడలే. కొన్ని నీళ్లియ్యక్కా అని అడిగిన. కుండ, చెంబు ఆమె చేతికందేంత దూరంలో ఉన్నయి. ఆమె కదలలే. వినలేదేమో. విన్నదేమో. నేను లేచి వచ్చిన.

సగం గల్లీ దాటినంక తెలిసింది. నీళ్లియ్యనోళ్ల మీద నాకు కోపం రాలే. పద్దెనిమిదో ఏట నుంచి ఇదే మొదటిసారి.

రేపే ఆదివారం. అక్క ఆ కాగితం అయ్యగారికి ఇస్తదో, నన్నే అందరి ముందు నిలబెట్టి చదవమంటదో నాకు తెలియదు. చదవమంటే చదువుత. మాఫీ అడగలే, అడిగేందుకు నోరు రాలే. ఆ ఐదు మాటలు ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేవు. అంతే.