వందకు అయిదుగురు

బాలశౌరికి లెక్క పెట్టడం వచ్చినంత బాగా ఇంకే పనీ రాదు. ఇరవై రెండేళ్ళు రెడ్డిగూడెం దగ్గర మామిడికాయల యార్డులో ఆయన పని అదే. గుట్ట ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులా కాయలు తీసి పక్కకు వేస్తుంటే చూసేవాళ్ళ కళ్ళు తిరగాలే తప్ప ఆయనకు లెక్క తప్పేది కాదు. మొదలుపెట్టేటప్పుడు ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. పెద్దలు నేర్పిన పద్ధతి. వంద నిండగానే అయిదు కాయలు కొసరు వేస్తాడు. ఆ అయిదూ చీటీలో ఎక్కవు. కొసరు వెయ్యకుండా వంద ఇచ్చేవాణ్ణి ఆ యార్డులో మనిషి కింద జమకట్టేవారు కాదు.

యాభై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. యార్డు మానేసి తిరువూరు వచ్చి రోడ్ల ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాడు. టేపు కొస పట్టుకోవడం, సున్నంతో గీతలు పోయడం, ఎండలో నిలబడటం. ఈయన చేరిన ఏడాదికి సౌజన్య అనే ఇంజనీరు వచ్చింది. ముప్ఫై నిండని పిల్ల. వస్తూనే మెయిన్ రోడ్డు స్వరూపం మార్చాలని పట్టుబట్టింది. నడిమధ్య బస్సులు మాత్రమే పోయే దారి, దాని పక్కన మిగతా బండ్లు, ఆ పక్కన సైకిళ్ళు, అంచున నడిచేవాళ్ళకు ఫుట్‌పాత్. విజయవాడ బస్సు ఆటోల మధ్య ఇరుక్కుని హారన్ కొట్టే బాధ తీరుతుందంటే ఎవరికి చేదు? చిక్కల్లా వెడల్పు దగ్గరే వచ్చింది. ఆ రోడ్డు ఎంత లాగినా అరవై అడుగులు. ఒకరికి అడుగు ఇవ్వాలంటే ఇంకొకరికి అడుగు కొయ్యాలి.

అందుకని సౌజన్య ఒక నియమం పెట్టింది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపల మూడు వేల మంది నడిచే చోట రెండు వైపులా ఫుట్‌పాత్ ఉంటుంది. అంతకు తగ్గితే ఒక్క వైపే. రెండో వైపు మోటారు సైకిళ్ళు నిలుపుకోవడానికి వదిలేస్తారు. చర్చి సెంటర్లో మనుషుల్ని లెక్కపెట్టే పని బాలశౌరికి వచ్చింది. నొక్కితే అంకె మారే చిన్న మిషను ఒకటి ఇచ్చారు. దాన్ని జేబులో వేసుకుని, నోటుబుక్కు, పెన్సిలు తీసుకుని మనిషికో గీత పెడుతూ కూర్చున్నాడు. పొద్దుగూకేసరికి రెండు వేల ఎనిమిది వందల డెబ్భై తేలింది.

నాలుగు రోజుల తర్వాత ఫుట్‌పాత్‌కు సున్నం గీత ఆయనే పోశాడు, బడి ఎదుటి వైపు మాత్రమే. చర్చి, బడి ఉన్న వైపు వట్టి రోడ్డు మిగిలింది.

ఆయన భార్య మేరమ్మ ఆ బళ్ళోనే పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. రోజూ ఆ వైపునే నడవాలి. పోయిన వానాకాలంలో లారీ అద్దం తగిలి భుజం పోయింది. ఇప్పటికీ ఎడమ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఆ సాయంత్రం బియ్యం కడుగుతూ అడిగింది.

“మా వైపు గీత లేదేంటయ్యా?”

“నూట ముప్ఫై మంది తగ్గారు. మూడు వేలు కాలేదు.”

“ఆ రోజు నేనే నాలుగుసార్లు తిరిగాను. నన్ను రాశావా?”

రాశానని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. లెక్క రోజు పొద్దున ఆమె గోంగూర బుట్టతో వస్తున్నప్పుడు అప్పుడే ఒక వంద నిండింది. పెన్సిలు పైకి లేచి ఉంది. ముందు ఇద్దరు పోయారు, మూడోది మేరమ్మ, వెనక ఇంకో ఇద్దరు. మన మనిషే గదా, కొసరులో పోనీ అని లోపల నవ్వుకున్నాడు కూడా. అంటే ఆ ఒక్క వందకే కాదు, ప్రతి వందకీ అయిదుగురిని గీత పెట్టకుండా వదిలేశాడన్నమాట. చేతికి పట్టిన అలవాటు, బుర్రకు చెప్పి చెయ్యలేదు.

కంచం ముందు కూర్చున్నాడు. లేచి వాకిట్లోకి వెళ్ళాడు, మళ్ళీ లోపలికి వచ్చాడు. ఇరవై ఎనిమిది వందలు, వందకు అయిదు చొప్పున నూట నలభై. కలిపితే మూడు వేల పది. చెప్పకుండా ఉంటే పోయేదేమీ లేదు, ఎవరూ అడగరు. చెబితే పై నెలలో కాంట్రాక్టు మళ్ళీ రాస్తారో లేదో. చివరికి మేరమ్మకు చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు.

“మామిడికాయలంటే కొన్నవాడికి వేశావు. మనుషుల్ని ఎవడికి కొసరు వేశావయ్యా?” అంది.

పొద్దున్నే ఆఫీసు తలుపు తియ్యకముందే మెట్ల మీద ఉన్నాడు. సౌజన్య వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పాడు. గురువారం సాయంత్రానికి డ్రాయింగు విజయవాడ చేరాలి. ఆరోజు మంగళవారం. ఆమె నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది.

“ఆ నూట నలభై మందిని ఇప్పుడు రాయలేనండి. మీరు చూశారు గానీ గీత పెట్టలేదు. రేపు మళ్ళీ కూర్చోండి. తక్కువ వస్తే ఇంక నన్ను అడక్కండి. ఎక్కువ వస్తే, రెండోసారి ఎందుకు లెక్కపెట్టాల్సి వచ్చిందో మీరే రాసి సంతకం పెట్టాలి.”

బుధవారం ఆరుకు బాలశౌరి చర్చి గోడ పక్కన స్టూలు వేసుకున్నాడు. మొదటి వంద నిండగానే కుడిచెయ్యి దానంతట అదే లేచింది. ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని కిందికి దించాడు. తర్వాత ప్రతి వందకీ ఇదే తంతు. పది గంటలకు వెయ్యి దాటితే కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఒంటిగంటకు మబ్బు కమ్మింది. రెండింటికి జల్లు మొదలైంది. నడిచేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ అరుగులెక్కారు. పుస్తకం చొక్కా కింద దాచుకుని, స్టూలు మీద కూర్చోలేక, లేచి నిలబడలేక నానా యాతన పడ్డాడు. మూడున్నరకు పంతొమ్మిది వందల దగ్గరే ఉన్నాడు.

ఆ మూల మీద టీ బండి జోజిబాబుది. మేరమ్మకు చిన్నాన్న కొడుకు. సంగతంతా అక్క చెప్పగా తెలిసినవాడు కాబట్టి, సాయం చేస్తున్నాననుకుని బల్ల మీద కూర్చున్న పదిమందిని లేపి, రోడ్డు వెంట అటూ ఇటూ తిరగమని పంపాడు. ఒక చుట్టు తిరిగి రెండో చుట్టుకు వస్తుంటే బాలశౌరి పెన్సిలు ఆపేశాడు.

“జోజీ, వాళ్ళని కూర్చోబెట్టు. పని మీద నడిచేవాడికీ నా కోసం నడిచేవాడికీ తేడా తెలియదనుకున్నావా?”

“తగ్గితే అక్క ఏమంటుందో నీకు తెలుసా బావా?”

“తెలుసు. అయినా రాయను.”

ఆ మొదటి చుట్టుకు పెట్టిన పది గీతలు కూడా కొట్టేశాడు. జోజిబాబు గిన్నె ఠప్పున పొయ్యి మీద పెట్టి అటు తిరిగిపోయాడు.

నాలుగింటికి బడి వదిలారు. జల్లు కూడా తెరిపిచ్చింది. పిల్లలు నీళ్ళు తొక్కుకుంటూ గుంపులుగా పడ్డారు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు నక్కి పరుగెత్తేవాళ్ళను పట్టుకుని రాయడానికి కళ్ళు చాలలేదు. వాళ్ళ వెనకే అరుగుల మీద ఆగినవాళ్ళంతా దిగారు. అయిదున్నరకు రెండు వేల తొమ్మిది వందలకు దగ్గరపడి మళ్ళీ మందగించింది. గడియారం చూడకూడదనుకుంటూనే నిమిషానికోసారి చూశాడు. ఆరుకు పది నిమిషాలుందనగా నెమలి అనే ఊరి నుంచి వచ్చే బస్సు ఆగింది. నాట్లకు పోయిన ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో దిగి రోడ్డు అంచునే వరసగా నడిచారు. ఆటోలవాళ్ళు వాళ్ళను ఒరుసుకుంటూ పోతున్నారు. బాలశౌరి ఒక్కొక్కరికీ అంకె గొణుక్కుంటూ గీత పెట్టాడు. ఆరయ్యేసరికి మూడు వేల ఇరవై ఏడు.

ఆఫీసులో బల్ల మీద కాగితం పెట్టుకుని ఆయన రాసింది నాలుగే ముక్కలు: మొదటి లెక్కలో యార్డు అలవాటు చొప్పున వందకు అయిదుగురిని వదిలేశాను, తప్పు నాది. సౌజన్య చదివి ఫైల్లో పెట్టింది. ఇకమీదట టేపు పని మాత్రమే చెయ్యండి, లెక్కకు వేరే మనిషిని పెడతాను అంది. సరే మేడమ్ అన్నాడు. కాంట్రాక్టు మాట ఆమె ఎత్తలేదు, ఈయనా అడగలేదు.

గురువారం పొద్దున డ్రాయింగుతో పాటు ఫోటో కూడా పంపాలన్నారు. మళ్ళీ వాన వచ్చేలోపల చర్చి వైపు సున్నం పోసి తీరాలి. బాలశౌరి తాడు లాగి చూస్తే అది సరిగ్గా జోజిబాబు బల్ల మీదుగా పోయింది.

“నిన్న జనాన్ని పోగేస్తే వద్దన్నావు. ఇవాళ నా బల్ల తియ్యమంటున్నావా?” అన్నాడు జోజిబాబు.

“నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?”

జోజిబాబు చేతిలో గ్లాసులు దించాడు. బావ మొహం చూశాడు, తాడు చూశాడు. గొణుక్కుంటూ బల్ల ఒక కొస ఎత్తాడు. రెండో కొస బాలశౌరి పట్టుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి, గోడకు ఆనించి పెట్టారు. పడమర మబ్బు నల్లబడుతోంది. ఫోటో తీసే మనిషి ఇంకా రాలేదు. బాలశౌరి సున్నం తట్ట అందుకుని, తడికి చెరిగిపోకుండా వేలెడు మందాన పోసుకుంటూ, మాటిమాటికీ పైకి చూస్తూ, బడి గేటు వైపు నడిచాడు.